నాలుగు రేకులా, ఐదు రేకులా? మాదన్నపేటలో ఒక పొద్దున

మా అమ్మకి కిడ్నీలో రాయి. పోయిన ఏడాది రాత్రికి రాత్రి ఆస్పత్రికి పరుగెత్తాం. రాయి పడిపోయింది కానీ, డాక్టరమ్మ మందుల చీటీ వెనక మూడు ముక్కలు రాసిచ్చింది. నీళ్లు బాగా తాగాలి. పాలకూర వద్దు. గంగవాయిల కూర అసలే వద్దు.

పాలకూర పోతే పోనీ అంది అమ్మ. మూడో ముక్క చదవగానే మొహం చిన్నబోయింది. వానాకాలం వచ్చిందంటే మా ఇంట్లో వారానికి రెండుసార్లు గంగవాయిల పప్పు ఉండాల్సిందే. ఆంధ్రా వైపు వాళ్లు గంగపాయల ఆకు అంటారు, గంగపావిలి అంటారు. ఏ పేరుతో పిలిచినా చింతపండు అక్కర్లేకుండానే పుల్లగా ఉండే ఆకు అదే.

ఆర్నెల్లు నోరు కట్టుకుంది. ఈ జూలైలో మొదటి వానలు పడ్డాక ఒకరోజు అన్నం ముందు కూర్చుని కొత్త వాదన తీసింది.

"డాక్టరమ్మ జెప్పింది అంగట్ల దొరికే పెద్దదాని గురించి. నేనడిగేది సన్నపాయల. అది యేరు, ఇది యేరు బిడ్డా."

"రెండూ ఒకటేనమ్మా, చిన్నప్పుడు చిన్నగా ఉంటది, పెద్దయితే పెద్దగా ఉంటది" అన్నాను, ఏదో తెలిసినట్టు.

అమ్మ నన్ను చూసిన చూపు మీరు చూడాల్సింది. "పిల్లి పెద్దగైతె పులైతదా?"

ఫోన్ తీసి వెతికాను. అమ్మే కరెక్ట్! రెండూ నిజంగానే వేర్వేరు జాతులు. పెద్దదాని శాస్త్రీయ నామం పోర్టులాకా ఒలరేసియా. లినేయస్ 1753లోనే పేరు పెట్టేశాడు. ఒలరేసియా అంటే కూరగా వండుకునేది అని. సన్నదాని పేరు పోర్టులాకా క్వాడ్రిఫిడా. దీనికి ఆయనే 1767లో పేరు పెట్టాడు. క్వాడ్రిఫిడా అంటే నాలుగుగా చీలినది. ఏది నాలుగుగా చీలింది అంటే, పువ్వు. పెద్దదానికి మామూలుగా ఐదు రేకులు, సన్నదానికి నాలుగు.

సరే, వేర్వేరు జాతులే. మరి కిడ్నీకి ఆ తేడా తెలుస్తుందా? అసలు ప్రశ్న అది. దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది: ఆ సన్నపాయల ఎక్కడ దొరుకుతుంది?

"మాదన్నపేటల మస్తుగుండె" అంది అమ్మ.

నేను ఎనిమిదో తరగతి అయ్యేదాకా మేం మాదన్నపేటలోనే కిరాయికి ఉన్నాం. ఇప్పుడుండేది హఫీజ్‌పేట. ఆదివారం పొద్దున్నే ఎంఎంటీఎస్ ఎక్కాం. ఊరు మొత్తం అడ్డంగా దాటుకుంటూ ఫలక్‌నుమా బండిలో వెళ్లి యాకుత్‌పురాలో దిగాలి. అక్కడి నుంచి ఆటో. మీరు మెట్రోలో వస్తే మలక్‌పేటలో దిగి ఆటో మాట్లాడుకోండి.

మాదన్నపేట అనగానే పాతబస్తీలో ఇంకో గల్లీ కదా అనుకుంటారు చాలామంది. ఆ పేరులో ఉన్న మాదన్న మామూలు మనిషి కాదు. గోల్కొండ చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానాషా దగ్గర ప్రధానమంత్రి. సోదరుడు అక్కన్నతో కలిసి రాజ్యాన్ని నడిపాడు. భక్త రామదాసుగా మనకు తెలిసిన కంచర్ల గోపన్నకు ఈ అన్నదమ్ములు మేనమామలని మన కథలు చెబుతాయి. 1686లో ఇద్దర్నీ చంపేశారు. మరుసటి ఏడాదే గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. హరిబౌలిలో అక్కన్న మాదన్న గుడి ఉంది, బోనాలకి మీరు చూసే ఉంటారు. ఇక్కడ మాత్రం మాదన్న పేరు ఆటో డ్రైవర్ల నోట్లో, బస్సు బోర్డుల మీద, కూరగాయల మార్కెట్ పేరులో బతికి ఉంది.

మార్కెట్ పొద్దున ఏడున్నరకే మాంచి ఊపు మీద ఉంది. తడి గోనెసంచుల మీద ఆకుకూరల కుప్పలు. ఇక్కడ ప్రతి ఆకుకీ రెండు పేర్లు. గోంగూర అడిగితే గోంగూర, అంబాడా అంటే అంబాడా. గంగవాయిలికి ఇక్కడి పేరు కుల్ఫా. పాతబస్తీ ఇళ్లలో దీన్ని మటన్‌లో వేసి కుల్ఫా గోష్త్ చేస్తారు, పప్పులో వేస్తారు. ఒకే కట్ట ఒక ఇంట్లో పప్పవుతుంది, పక్కింట్లో సాలన్ అవుతుంది.

"కుల్ఫా దేఖో అమ్మా, తాజా హై" అని ఒక ఖాలా కట్ట పైకెత్తింది. ఎర్రటి లావు కాడలు, చెంచాలా గుండ్రంగా దళసరిగా ఉన్న ఆకులు. అమ్మ కట్టని చేతిలోకి తీసుకుని వాసన చూసి కింద పెట్టేసింది. నాకు కొంచెం బాధేసింది.

"ఇస్సే ఛోటా వాలా హోనా" అన్నాను, నాకొచ్చిన దక్కనీలో.

ఖాలా నవ్వింది. "వో కోన్ కాతే అమ్మా? బకరియాఁ కాతే!"

మేకలు తింటాయట. అమ్మ మొహం ఎర్రబడింది. పక్కన చుక్కకూర అమ్ముతున్న ముసలమ్మ మా గొడవంతా విని కల్పించుకుంది. ఇబ్రహీంపట్నం దిక్కు నుంచి తెల్లారకముందే వచ్చిందట.

"సన్నపాయలనా? మేం తిన్నం బిడ్డా చిన్నప్పుడు. చెల్కల కలుపు తీస్తుంటె ఒళ్లె వేసుకునేటోళ్లం. ఇప్పుడు ఎవరేరుతరు? ఒక్క కట్ట కావాలంటే పొద్దంతా కూసోవాలె. పది రూపాయలకి ఎవలమ్ముతరు?"

ఒక్క మాటలో మొత్తం లెక్క తేల్చేసింది. పెద్దదాన్ని మడి కట్టి గింజ చల్లి పెంచొచ్చు. నాలుగైదు వారాల్లో కోతకొస్తుంది, నాలుగు మొక్కలు పీకితే కట్ట అవుతుంది. సన్నదాని ఆకు మహా అయితే సెంటీమీటరు పొడవు. దాన్ని పెంచేవాళ్లు లేరు, ఏరేవాళ్లు పోయారు. రుచిలో ఓడిపోయి కాదు, కూలి లెక్కలో ఓడిపోయి మార్కెట్‌కి దూరమైంది.

దాంతో మాకు మిగిలిన దారి వీధుల్లో వెతుక్కోవడమే.

మేమున్న ఇంటి పక్కన ఒక ఖాళీ జాగా ఉండేది. అందులో క్రికెట్ ఆడేవాళ్లం. అమ్మ అక్కడే వానలప్పుడు వంగి వంగి ఏదో ఏరుతుంటే ఫ్రెండ్స్ ముందు సిగ్గుపడేదాన్ని. ఆ జాగా కోసమే అంత దూరం నుంచి వచ్చాం. వెళ్లి చూస్తే నాలుగంతస్తుల బిల్డింగ్. కింద పార్కింగ్, ముందంతా టైల్స్. గేటు దగ్గర కుండీలో పూలు విరగబూసి ఉన్నాయి. ఏం పూలో తెలుసా? గడ్డి గులాబీ. కొంతమంది టేబుల్ రోజ్ అంటారు కదా, అది. అది కూడా పోర్టులాకానే! దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కజిన్. చుట్టం వచ్చి కుండీలో కూర్చుంది, ఇంట్లోవాళ్లు బయటికి పోయారు. అమ్మకి ఈ సంగతి చెప్పలేదు, ఆ టైంలో చెప్పే విషయం కాదు.

రెండు గల్లీలు తిరిగాక ఒక గోడవారన నేలకి అతుక్కుని పాకుతున్న మొక్క కనిపించింది. ఎర్రటి సన్న కాడ, చిట్టి ఆకులు, ఎదురెదురుగా జంటలు జంటలుగా. ఫోన్లో చదివినట్టే ఉంది. "దొరికింది!" అని అరిచాను.

అమ్మ వంగి కాడ విరిచింది. తెల్లటి పాలు కారాయి.

"పాలు కారితె అది కూర కాదు. పారెయ్, చెయ్యి కడుక్కో."

ఈ ఒక్క ముక్క మాత్రం మీరు బాగా గుర్తుపెట్టుకోండి. నానబాలు కుటుంబంలో నేల మీద పాకే చిన్న మొక్కలు కొన్ని అచ్చం సన్నపాయలలాగే కనిపిస్తాయి. ఆ పాలు ఒంటికి మంట పుట్టించేవి, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. పాయల ఏ రకమైనా విరిస్తే నీళ్లే కారతాయి, పాలు రావు. ఆకు కూడా నీటి సంచిలా దళసరిగా ఉంటుంది. యాప్‌లో ఫొటో పెట్టి పేరు రాగానే తినేసే బ్యాచ్ ఉంటారు కదా, వాళ్ల కోసం చెబుతున్నా. ఫొటోలో పాలు కనబడవు.

తర్వాత దొరికింది అంబటిమాడు. దాన్ని అమ్మ ముట్టుకోకుండానే పక్కన పెట్టేసింది. జంటలో ఒక ఆకు పెద్దది, ఒక ఆకు చిన్నది ఉంటే అది అంబటిమాడేనట. దీని శాస్త్రీయ నామం ట్రైయాంథెమా పోర్టులకాస్ట్రమ్. రెండో ముక్కకి అర్థం పాయలలాంటిది అని. అంటే శాస్త్రజ్ఞులకి కూడా కన్‌ఫ్యూజన్ కొత్త కాదన్నమాట!

తొమ్మిదయింది. కుతుబ్‌షాహీల కాలం నాటిదని చెప్పే పాత ఈద్గా వైపు నడిచాం. ఆ దారిలో ఒక పాత ఇంటి అరుగు మిగిలుంది. రాతి పలకలు, వాటి మధ్య సందుల్లో వేలెడంత మట్టి. అక్కడ అమ్మ ఆగిపోయింది. ఏమీ అనలేదు. అరుగు మీద కూర్చుని చీర కుచ్చెళ్లు సర్దుకుని, చిటికెన వేలితో మట్టిని జరిపింది.

నూలుపోగంత సన్నని కాడలు సందు పొడుగునా పాకి ఉన్నాయి. ప్రతి కణుపు దగ్గర జంట ఆకులు, వడ్లగింజ కంటే కాస్త వెడల్పు. కణుపు నేలకి తగిలిన ప్రతిచోటా మళ్లీ వేరు దిగింది. దగ్గరగా చూస్తే కణుపుల చుట్టూ దూది పోగుల్లాంటి తెల్లటి నూగు. విరిచి చూశాను. నీళ్లు. పాలు లేవు.

"ఇదేనా?"

"పువ్వు సూడాలె" అంది అమ్మ. ఆమెకి అనుమానం లేదు. నాకు చూపించాలని ఉంది, అంతే.

కానీ ఆకాశం మబ్బు. పాయల పువ్వు ఎండ కావాలని మొండికేసే రకం. పొద్దెక్కి ఎండ తగిలితే విచ్చుకుంటుంది, మధ్యాహ్నం దాటితే ముడుచుకుపోతుంది. ఇంకో రోజు ఆ పువ్వు మళ్లీ తెరుచుకోదు. మబ్బుగా ఉంటే విప్పారకుండానే లోపలే గింజ కట్టేసుకోగలదు కూడా. కాడ చివర మొగ్గలున్నాయి, గట్టిగా మూసుకుని.

కూర్చున్నాం. దగ్గర్లో హోటల్ నుంచి ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చాను. అటుగా వెళ్లే ఒక పెద్దాయన "క్యా గుమ్ గయా అమ్మా?" అని అడిగాడు, ఏం పోగొట్టుకున్నారని. అమ్మ తడుముకోకుండా "పూల్ దేఖ్‌నే బైఠే" అంది. పువ్వు చూడటానికి కూర్చున్నాం అని. ఆయనకి మేం పిచ్చివాళ్లలా కనిపించలేదనుకుంటా. తల ఊపి వెళ్లిపోయాడు.

ఈ గ్యాప్‌లో అమ్మకి నేను ఫోన్లో చదివింది చెప్పాను. పెద్ద గంగవాయిలిని పొద్దున్నే కోస్తే పులుపెక్కువ, సాయంత్రం కోస్తే తక్కువ అని వాళ్లమ్మ అనేదట. నేను నమ్మేదాన్ని కాదు. తీరా చూస్తే అది అచ్చంగా నిజం. నీళ్లకి కటకటలాడినప్పుడు ఈ మొక్క ఒక ఎత్తు వేస్తుంది. పగలు ఆకు రంధ్రాలు తెరిస్తే ఒంట్లో నీరంతా ఆవిరైపోతుంది కాబట్టి రాత్రిపూట తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది. ఆపిల్‌లో ఉండే పులుపు అదే. పగలు ఎండలో ఆ దాచుకున్నదాన్ని ఖర్చు పెడుతుంది. అందుకే తెల్లారేసరికి పులుపు నిండుగా, సాయంత్రానికి ఖాళీ. బ్రహ్మజెముడు లాంటి ఎడారి మొక్కల తెలివి ఇది. ఇంకోపక్క జొన్న, చెరకు వాడే వేగమైన పద్ధతి కూడా దీనికి వచ్చు. ఈ రెండూ ఒకే ఆకులో, ఒకే కణాల్లో కలిసి పనిచేస్తున్నాయని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2022లో చూపించారు. కరువులో కూడా దిగుబడి తగ్గని పంటలు తయారు చేయాలనుకునేవాళ్లు ఇప్పుడు ఈ కలుపు మొక్కని వదలట్లేదు.

"మా అమ్మకి ఎవరు జెప్పిన్రు మరి?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు. నాలుకే చెప్పి ఉంటుంది.

పదిన్నర దాటాక మబ్బు విడిచింది. రాయి మీద ఎండ పడింది. పావుగంట ఏమీ జరగలేదు. నేను ఫోన్లో మెసేజ్‌లు చూసుకుంటుంటే అమ్మ మోచేత్తో పొడిచింది.

పసుపు పచ్చటి పువ్వు. ఆవగింజలో నుంచి లేచినట్టు అంత చిన్నది. కింద నాలుగు ఆకులు పళ్లెంలా పరుచుకుని ఉన్నాయి, వాటి మధ్య తెల్లటి నూగు పరుపు, దాని మీద పువ్వు. అమ్మకి అంత దగ్గరివి ఆనవు. నన్ను లెక్కపెట్టమంది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఇంకోసారి లెక్కపెట్టాను. నాలుగే.

అదే అరుగు చివర, డ్రైనేజీ మూత పక్కన, పెద్ద గంగవాయిలి కూడా ఒక మొక్క లేచి ఉంది. మార్కెట్ కట్టల నుంచి రాలిందో, దానంతట అదే మొలిచిందో. రెండూ మూరెడు దూరంలో. ఇంత మంచి చాన్స్ మళ్లీ రాదని మోకాళ్ల మీద కూర్చుని చూశాను. పెద్దదాని ఆకులు మెట్లలా ఒకదాని తర్వాత ఒకటి వస్తూ, కొమ్మ చివర గుత్తిగా చేరాయి. సన్నదానివి అచ్చంగా ఎదురెదురు జంటలు. పెద్దదాని కాడ నున్నగా, వేలితో నిమిరితే జారిపోయేలా ఉంది, నూగు కంటికి కనబడేంత లేదు. పెద్దదాని పువ్వుకి ఐదు రేకులు, ఒక్కో రేకు కొసన చిన్న గాటు. రంగు మాత్రం రెండిటిదీ ఒకటే పసుపు. కాయలు కూడా ఒకేలా: పండితే పైన టోపీలాంటి మూత ఊడిపోయి లోపల నల్లటి గింజలు బయటపడతాయి. పోర్టులాకా అనే పేరు లాటిన్‌లో చిన్న తలుపు అనే మాట నుంచి వచ్చిందని చెబుతారు, ఈ మూత చూసే.

గుర్తుపట్టడానికి ఫోన్ జూమ్ కూడా అక్కర్లేదు. పువ్వు లేనప్పుడు నూగు చూడండి, ఆకుల జంట చూడండి. చాలు.

ఇక అసలు ప్రశ్న. అమ్మ గెలిచిందా?

సగం గెలిచింది. మొక్కలు వేరని తేలిపోయింది. కానీ కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్‌వి. గంగవాయిలిలో ఆక్సలేట్ బాగా ఎక్కువ, పాలకూరలాగే. సన్నది దానికి సొంత చెల్లెలు, పుల్లదనం కూడా ఆ కుటుంబానిదే. ఆకు చిన్నదైనంత మాత్రాన ఆక్సలేట్ లేకుండా పోదు. ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కొంత పోతుంది. పెరుగుతో కలిపి తింటే అందులోని కాల్షియం కొంత పట్టేసి ఒంటికి ఎక్కకుండా చేస్తుంది. పప్పులో మాత్రం నీళ్లు పారబొయ్యం, అన్నీ అందులోనే. రాళ్లు లేనివాళ్లకి ఇది బంగారం లాంటి ఆకు. చేపల్లో ఉంటాయని చెప్పుకునే ఒమేగా 3 కొవ్వుల్లో మొక్కల రకం ఈ ఆకులో మిగతా ఆకుకూరల కంటే బాగా ఎక్కువ. రాళ్లున్నవాళ్లకి మాత్రం డాక్టర్ మాటే ఫైనల్.

ఇదంతా అరుగు మీదే చెప్పేశాను. అమ్మ వినిందో లేదో. పువ్వునే చూస్తోంది.

"తిననీయ్‌వు. అంతే కదా?"

"ఇక్కడిది ఎట్లా తినకూడదమ్మా. రోడ్డు పక్కది. కుక్కలు తిరుగుతయ్, మోరీ పక్కన." పాయల మట్టిలోని సీసం లాంటివి కూడా పీల్చుకునే రకం. ఇందులో అబద్ధం లేదు.

అమ్మ ఒక పండిన కాయని గోటితో గిల్లింది. మూత ఊడి ఇసుక రేణువుల్లాంటి నల్లటి గింజలు అరచేతిలో రాలాయి. ఇంకో నాలుగు కాయలు గిల్లింది. కొంగు చివర మూట కట్టింది. కాడలు పీకలేదు. వచ్చేటప్పుడు మార్కెట్‌లో ఇందాకటి ముసలమ్మ దగ్గర ఆగి, దొరికిందని చెప్పి, ఒక చుక్కకూర కట్ట కొనబోయింది. చుక్కకూరలో కూడా ఆక్సలేట్ ఎక్కువేనని గుర్తుచేశాను. మెంతికూరతో సరిపెట్టుకుంది. ముసలమ్మ నన్ను అదోలా చూసింది.

ఇంటికొచ్చాక బాల్కనీలో కుండీ, నర్సరీ మట్టి. గింజల్ని పైపైన చల్లింది, కప్పలేదు. వెలుతురు తగిలితేనే మొలుస్తాయట. పది రోజులకి కుండీ మధ్యలో నాలుగు మొలకలు లేచాయి. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను, "మాదన్నపేట సన్నపాయల" అని రాసి. మేనత్తలు, బాబాయిలు అందరూ చేతులు జోడించే బొమ్మలు పంపారు.

ఇంకో వారానికి అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని కుండీ ముందు కూర్చుంది. ఆకులు జంటలుగా లేవు. మెట్లలా ఉన్నాయి. కాడ లావు, నున్నగా, ఎర్రగా. నూగు లేదు.

"ఇది పెద్దది" అంది.

నర్సరీ మట్టిలోనే వచ్చి ఉంటుంది. బాగా పెరిగిన ఒక్క మొక్క లక్షకి పైగా గింజలు రాల్చగలదు, అవి ఏళ్ల తరబడి మట్టిలో పడుండగలవు. పీకేయబోయాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ. నీకు పప్పుల వేస్త. నీకేం రాళ్లు లేవు కదా."

తర్వాత కుండీ అంచు దగ్గర, మట్టికీ ప్లాస్టిక్‌కీ మధ్య సందులో, నూలుపోగంతది ఒకటి వేలితో చూపించింది. జంట ఆకులు, రెండే రెండు. అదేనో కాదో పువ్వు వస్తే తెలుస్తుంది. నాలుగు రోజులుగా హఫీజ్‌పేటలో ఎండ లేదు.